ఆ గదకు ఒక షరతు ఉంది

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల రెండు రాత్రులు కూర్చుని చదివాను. మాంత్రికుడి తల్లి ఆ శాపపు కత్తికి కొబ్బరినూనె రాసి, తన పాత చీర ముక్కలో చుట్టి పెడుతుంది చూడు, అక్కడ కాగితాలు పక్కన పెట్టి కాసేపు అరుగు మీద కూర్చుండిపోయాను.

ఆ తర్వాత నలభై పేజీలకు మాత్రం కోపం వచ్చింది. కత్తి దూస్తాడు, నీలం మంట లేస్తుంది, వందమంది చస్తారు. మళ్ళీ దూస్తాడు, ఈసారి వెయ్యిమంది. శాపం ఉన్న కత్తి అన్నావు కదా, ఆ శాపం వాడినేం చేసింది?

ద్రోణపర్వంలో శ్రుతాయుధుడని ఒక రాజు ఉన్నాడు. వాళ్ళమ్మ పర్ణాశ, ఒక నది. నా బిడ్డను శత్రువులెవరూ చంపకూడదని వరుణుణ్ణి వేడుకుంది. పుట్టినవాడికి చావు తప్పదని చెప్పి, ఆయన ఆ కొడుక్కి ఒక గద ఇచ్చాడు. యుద్ధం చేయనివాడి మీద విసిరితే అది తిరిగొచ్చి నీ మీదే పడుతుందని ముందే హెచ్చరించాడు. సైంధవుడి కోసం అర్జునుడు దూసుకొస్తున్న రోజున శ్రుతాయుధుడి విల్లు విరిగింది, గుర్రాలు కూలాయి, సారథి పోయాడు. గద ఎత్తి పరుగెత్తాడు. విసిరింది అర్జునుడి మీద కాదు, పగ్గాలు పట్టుకున్న కృష్ణుడి మీద! కృష్ణుడు భుజంతో కాచుకున్నాడు. గద వెనక్కి తిరిగింది.

షరతు తెలిసి కూడా ఎందుకు విసిరాడు? నలభై ఏళ్ళుగా నన్ను పట్టుకుని వదలని ప్రశ్న అది. ఉత్తరకాండలో లవణాసురుడిదీ అంతే. శివుడి శూలం చేతిలో ఉన్నంతసేపు వాణ్ణి ఎవరూ గెలవలేరు. కానీ తిండి కోసం వేటకు వెళ్తూ దాన్ని ఇంట్లోనే పెట్టి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి గుమ్మంలో శత్రుఘ్నుడు! ఒక్క క్షణం ఆగు, ఆయుధం తెచ్చుకుంటానన్నాడు. శత్రుఘ్నుడు పోనివ్వలేదు. ఆ గుమ్మానికీ లోపలున్న శూలానికీ మధ్య దూరముందే, అది రాయాలి నువ్వు.

నా మొదటి జానపద సీరియల్ ఒక వారపత్రికలో వచ్చింది. ఇలాంటి షరతు మీదే కథంతా నడిపాను. ఎడిటర్ గారు ఆ అధ్యాయం కొట్టేసి, వారానికో కొత్త ఆయుధం కావాలన్నారు. ఇంటద్దె కట్టాలి, రాసిచ్చాను. పద్నాలుగు వారాలు, పద్నాలుగు ఆయుధాలు. వాటిలో ఒక్కదాని పేరు కూడా ఇప్పుడు నాకు గుర్తులేదు. ఆయన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు. ఇప్పుడు గేమ్‌ల పుణ్యమా అని మళ్ళీ అదే ఫ్యాషన్. నోరు తిరగని సంస్కృతం పేరు, దానికో లెవెల్, ఇంకాస్త పెద్ద పేలుడు. నువ్వు ఆ దారిన పోవద్దు, బాబూ.

పబ్లిషర్ల గురించి, కలం పేరు గురించి అడిగావు. అవి తర్వాత చూద్దాం. ముందు ఆ తల్లి దగ్గరికి వెళ్ళు. నూనె రాస్తున్నప్పుడు ఆ కత్తి షరతు ఆమెకు తెలుసా? తెలిస్తే, కొడుకు చేతికి ఇచ్చేటప్పుడు ఏమని ఇచ్చింది? ఆ ఒక్క పేజీ రాసి పంపు.