వాతావరణం మీద పీహెచ్‌డీ అంటే ఏం చేస్తారు?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ బాటనీ చేసింది. ఇప్పుడు వాతావరణ మార్పుల మీద పీహెచ్‌డీ అంటోంది. ఎండలు పెరిగాయని చెప్పడానికి అన్నేళ్ల చదువెందుకండీ? నాకు ఒకటే టెన్షన్.
– ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఎండలు పెరిగాయని చెప్పడానికి చదువక్కర్లేదమ్మా, పెరిగితే మన కంచంలోకి వచ్చేది ఏమవుతుందో తేల్చడానికి కావాలి. మీకు దగ్గర్లోనే, సంతోష్‌నగర్‌లో, 1985లో పెట్టిన కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (అందరూ క్రిడా అంటారు) ఉంది. అక్కడ పైకప్పు లేకుండా చుట్టూ పారదర్శక షీటు కట్టిన గదుల్లో పంటలు వేసి, లోపలికి కార్బన్ డయాక్సైడ్ వదులుతూ, ఇప్పుడు గాలిలో 420 పీపీఎం (అంటే పది లక్షల పాళ్లలో 420 పాళ్లు) దాటిన ఆ వాయువు 550కి చేరితే ఆముదం, మినుము ఎలా పెరుగుతాయో చూశారు.

ఆ వాయువు ఎక్కువైతే వరి, వేరుశనగ ఏపుగానే పెరుగుతాయి. సంబరపడకండి! బియ్యం, గోధుమల్లో జింకు, ఇనుము, ప్రోటీన్ తగ్గుతాయని ప్రయోగాల్లో తేలింది, పైగా పూత సమయంలో వేడి ముదిరితే వరి గింజ తాలు పోతుంది. ఆ వాయువు పెరిగినా జొన్న ఎదుగుదలకి మాత్రం పెద్ద తేడా ఉండదు, దాని కిరణజన్య సంయోగక్రియ తీరే వేరు. బాటనీ అమ్మాయికి ఇందులో బోలెడంత పని ఉంది.

డబ్బు సంగతంటారా, నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకి 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ) అదనం. జేఆర్‌ఎఫ్ రాకపోతే మాత్రం ఇంట్లో కూర్చుని లెక్క చూసుకోవాల్సిందే. చేరే ముందు గైడు దగ్గర చదివి వెళ్లినవాళ్లతో ఒకసారి ఫోన్లో మాట్లాడమనండి.