118 మూలకాలు వల్లించడం తర్వాత, ముందు మంటను చూడండి

"మూలకాల పట్టిక మొత్తం కంఠస్థం చేయకుండా పరమాణువుల పాఠం అర్థం చేసుకోవచ్చా?" అని అడిగారు. నిక్షేపంగా చేసుకోవచ్చు. కంఠస్థం చేయకపోతేనే తొందరగా అర్థమవుతుందని కూడా అంటాను. చాలా ఏళ్లు రసాయన శాస్త్రం పాఠాలు చెప్పాను, ప్రయోగశాలలో పిల్లల వెనక తిరుగుతూ గడిపాను. పట్టికను గడగడా అప్పజెప్పేవాళ్లలో ఎక్కువమందికి మూలకం అంటే పట్టికలో ఒక గడి, అంతే. ఆ గడిలోంచి వాళ్లను బయటికి లాగడమే అసలు కష్టం.

ఒకసారి లవణ విశ్లేషణ తరగతి జరుగుతోంది. ఒక్కొక్కరికీ పేరు రాయని గొట్టంలో కాస్త తెల్లటి పొడి ఇచ్చాను. అది ఏ లోహపు లవణమో తేల్చాలి. మొదటి మెట్టు జ్వాలా పరీక్ష: ప్లాటినం తీగను గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచి, పొడికి అద్ది, బర్నర్ నీలి మంటలో పెట్టాలి. ముందు బల్ల దగ్గర ఒక అబ్బాయి ఉండేవాడు. హైడ్రోజన్ నుంచి ఓగనెస్సాన్ దాకా ఊపిరి తీసుకోకుండా చెప్పగలడు, అడగకపోయినా చెబుతాడు. అతని మంట పసుపుగా భగ్గుమంది. "సోడియం మేడమ్" అని రికార్డులో రాసేసి మూసేశాడు. పక్క బల్ల మీదా పసుపే. వాళ్లూ సోడియం అని రాశారు. దాని వెనక బల్ల, ఆ వెనక బల్ల, అందరిదీ సోడియమే. నేను ఇచ్చినవి చూస్తే పొటాషియం, కాల్షియం, బేరియం లవణాలు.

మూలన ఒక అమ్మాయి మాత్రం ఏమీ రాయకుండా తీగ వంక అనుమానంగా చూస్తోంది. పొడి అద్దకుండా ఉత్త తీగనే మంటలో పెట్టింది. మళ్లీ పసుపు. నా దగ్గరికి వచ్చి, "మేడమ్, ఈ తీగ కూడా సోడియమేనా?" అని అడిగింది.

క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు. నా ఉద్యోగంలో విన్న ప్రశ్నల్లో అంత మంచిది ఇంకోటి గుర్తు లేదు. మిగతా పని ఆపించి అందరినీ ఆ బల్ల చుట్టూ నిలబెట్టాను.

తీగ ప్లాటినమే. దాని మీద ఎవరి వేళ్ల చెమటో ఉంది, చెమటలో ఉప్పు ఉంది, ఉప్పులో సోడియం ఉంది. ఈ మూలకం ఎంత కొద్దిగా ఉన్నా మంటను ఆక్రమించేస్తుంది. మిల్లీగ్రాములో ముప్పై లక్షవ వంతు సోడియాన్ని కూడా ఇలా పట్టుకోగలిగామని జర్మన్ శాస్త్రవేత్తలు బున్సెన్, కిర్కాఫ్ 1860లోనే రాశారు. తీగను ఆమ్లంలో ముంచడం, మంటలో కాల్చడం, మళ్లీ ముంచడం, మంటలో రంగు పూర్తిగా పోయేదాకా అదే పని చేయించాను. తర్వాత ఆ అబ్బాయి పొడినే అద్ది, కోబాల్ట్ కలిసిన నీలి గాజు ముక్కలోంచి చూడమన్నాను. ఆ గాజు పసుపు కాంతిని మింగేస్తుంది. అప్పుడు బయటపడింది పొటాషియం ఊదా రంగు.

"ఇందాక ఇది లేదు కదా మేడమ్" అన్నాడు ఆ అబ్బాయి. ఉంది. గట్టిగా అరిచేవాడి పక్కన గొణిగేవాడి మాట వినబడనట్టు, పసుపు దాన్ని కనబడనివ్వలేదు.

రికార్డుల గురించి ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. అంతకు ముందు సంవత్సరం వాళ్ల రికార్డు చూసి ఈ ఏడాది ఫలితం రాసే అలవాటు ఒకటి ఉంది. మంట ఏ రంగులో వెలిగినా రికార్డులో మాత్రం పుస్తకంలో ఉన్న రంగే ఉంటుంది. పరీక్షకులు కూడా దానికే మార్కులు వేస్తారు. చూసింది చూసినట్టు రాసినవాళ్లకు మార్కులు తగ్గడం నేను కళ్లారా చూశాను. ఆ పద్ధతిలో రసాయన శాస్త్రం కన్నా దస్తూరి బాగా వస్తుంది.

సరే, పరమాణువు సంగతికి వద్దాం. సోడియం క్లోరైడ్ అయినా, నైట్రేట్ అయినా, సల్ఫేట్ అయినా మంటలో అదే పసుపు. మంట వేడికి లవణం ఆవిరై అందులోంచి విడి సోడియం పరమాణువులు పుడతాయి. ఒక్కోదానిలో చివరి ఎలక్ట్రాన్ శక్తి పుంజుకుని పై స్థాయికి ఎక్కుతుంది, తిరిగి దిగుతూ ఆ తేడాను కాంతిగా వదులుతుంది. ఆ కాంతిని పట్టకంతో రంగులుగా విడదీస్తే అది 589.0, 589.6 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాల దగ్గర రెండు గీతలుగా పడుతుంది. కేంద్రకంలో 11 ప్రోటాన్లు ఉన్న పరమాణువుకే అది సాధ్యం. ఇంకో ప్రోటాన్ చేరి 12 అయితే అది మెగ్నీషియం, దానికి బర్నర్ మంటలో చెప్పుకోదగ్గ రంగే ఉండదు. మూలకం ఏదో తేల్చేది ఆ ప్రోటాన్ల లెక్క ఒక్కటే. న్యూట్రాన్లు పెరిగితే బరువు మారుతుంది, పేరు మారదు. 6 న్యూట్రాన్లున్నా 8 ఉన్నా కార్బన్ కార్బనే. ఎలక్ట్రాన్ పోతే అయాన్ అవుతుంది, అప్పుడూ పేరు మారదు, ప్రవర్తన మాత్రం పూర్తిగా మారిపోతుంది. నీళ్లలో వేస్తే భగ్గుమనే సోడియం లోహం, ఉప్పులో నిమ్మకు నీరెత్తినట్టు ఉండడానికి కారణం ఆ ఒక్క ఎలక్ట్రాన్ పోవడమే.

మొదటి పాఠంలో తెలుసుకోవలసింది ఇంతే. కానీ పుస్తకాల్లో ఇది బరువుల లెక్కతో మొదలవుతుంది, అక్కడే చిక్కంతా. 1869లో మెండలీఫ్ పట్టిక వేసినప్పుడు మూలకాలను పరమాణు భారం ప్రకారం పేర్చాడు. టెల్లూరియం దగ్గర ఆ వరస కుదరలేదు. దాని భారం 127.6, అయోడిన్‌ది 126.9. భారం ప్రకారం పోతే అయోడిన్ ముందు రావాలి. కానీ గుణాలు చూస్తే అది క్లోరిన్, బ్రోమిన్ల కుటుంబం. మెండలీఫ్ గుణాల మాటే నమ్మి అయోడిన్‌ను తర్వాతే పెట్టాడు, టెల్లూరియం భారం కొలవడంలో పొరపాటు జరిగి ఉంటుందని అనుకున్నాడు. కొలతలో లోపం లేదు, వరసకు ఆధారమే భారం కాదు. ఆ సంగతి తేల్చినవాడు ఇంగ్లండు భౌతిక శాస్త్రవేత్త మోస్లీ. 1913లో ఒక్కో మూలకం వదిలే ఎక్స్ కిరణాలను కొలిచి, కేంద్రకపు ఆవేశం, ఇప్పటి మాటలో ప్రోటాన్ల లెక్క, మెట్టుమెట్టుగా ఒక్కొక్కటే పెరుగుతోందని చూపించాడు. టెల్లూరియం 52, అయోడిన్ 53. గొడవ తీరిపోయింది. ఆ మోస్లీ 27 ఏళ్ల వయసులో, 1915లో గల్లిపోలి యుద్ధంలో చనిపోయాడు. మన పాఠాల్లో ఆయనకు ఒక వాక్యం, మెండలీఫ్ గడ్డానికి అర పేజీ.

పుస్తకాల అట్టల మీద కనిపించే పరమాణువు బొమ్మ అంటే కూడా నాకు ఒళ్లుమంట: మధ్యలో ఎర్రటి బంతి, చుట్టూ గుండ్రటి దారుల్లో నీలి బంతులు. కేంద్రకాన్ని ఒక మిల్లీమీటరు చుక్కగా వేస్తే ఎలక్ట్రాన్లు ఉండే ప్రాంతం పదుల మీటర్ల దాకా పోవాలి, ఏ పుటలోనూ పట్టదు. పోనీ కొలత సంగతి వదిలేసినా, ఎలక్ట్రాన్ కక్ష్యలో గ్రహంలా తిరగదు. ఆ బొమ్మ చూసి పెరిగినవాళ్లకు తర్వాత ఆర్బిటాల్ (ఎలక్ట్రాన్ ఉండే అవకాశం ఎక్కువున్న ప్రాంతం) అంటే తల తిరుగుతుంది. దాన్ని నిషేధించే అధికారం నాకిస్తే ఆ రోజే చేస్తాను.

మళ్లీ పసుపు గీత దగ్గరికి వస్తాను, ఎందుకంటే దాని మాయలో పడింది పిల్లలే కాదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. ఫ్రెంచ్ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు నుంచి, సూర్యుడి అంచున ఎగసే జ్వాలల కాంతిని వర్ణపటంగా విడదీసి చూశాడు. ప్రకాశవంతమైన గీతలు కనిపించాయి. ఆ గ్రహణాన్ని వేర్వేరు చోట్ల నుంచి చూసినవాళ్లలో కొందరు ఒక పసుపు గీతను గమనించారు, అది సోడియానిదే అనుకున్నారు. అదే సంవత్సరం అక్టోబరులో ఇంగ్లండులో ఖగోళ శాస్త్రవేత్త లాకియర్ గ్రహణం లేకుండానే ఆ జ్వాలలను పరిశీలించి, ఆ పసుపు గీత సోడియం జంట గీతలున్న చోట లేదని గుర్తించాడు. 587.6 నానోమీటర్లు, అంటే దగ్గరి సోడియం గీతతో తేడా రెండు నానోమీటర్లు కూడా లేదు. ఆ చిన్న తేడాలోంచి హీలియం వచ్చింది. 1895లో రసాయన శాస్త్రవేత్త రామ్సే ఒక యురేనియం ఖనిజం నుంచి వచ్చిన వాయువులో అదే గీతను పట్టుకున్నాకే భూమి మీద కూడా అది ఉందని రుజువైంది. "హీలియంను గుంటూరులో కనుగొన్నారు" అని ఒక్క ముక్కలో చెప్పి గర్వపడేవారికి ఇదంతా చెప్పబోతే వినరు.

మీ ప్రశ్నకు సూటిగా: మొదటి ఇరవై మూలకాలు, వాటి ప్రోటాన్ల సంఖ్య, చివరి శక్తి స్థాయిలో ఎన్ని ఎలక్ట్రాన్లు ఉన్నాయో తెలిస్తే మొదటి ఏడాదికి చాలు. మిగతావి అవసరం పడినప్పుడు పట్టికలో చూసుకోండి, అది గోడకు వేలాడేది అందుకే. ఈలోగా ఒక పాత సీడీ తీసుకుని, రాత్రి గదిలో పాతరకం (ఎల్ఈడీ కాని) ట్యూబులైటు వెలుగు దాని మెరిసే వైపు పడేలా వాల్చి చూడండి. రంగులు విడివిడి పట్టీలుగా, గీతలుగా కనిపిస్తాయి, వాటిలో కొన్ని గొట్టం లోపలి పాదరసం పరమాణువులవి. పాతకాలపు ఫిలమెంటు బల్బు దొరికితే దానితోనూ చూడండి. అక్కడ గీతలుండవు, ఎరుపు నుంచి ఊదా దాకా తెగని పట్టీ ఒకటే ఉంటుంది. రెండింటికీ అంత తేడా ఎందుకుందో ముందు మీరే ఆలోచించి, తోచింది ఇక్కడ రాయండి, మాట్లాడుకుందాం. సీడీని సూర్యుడి వైపు మాత్రం తిప్పకండి, కళ్లు దెబ్బతింటాయి.