రెడ్యూస్‌కి తెలుగు వెతుకుతున్న చెల్లాయికి

పర్లాకిమిడి

చెల్లాయీ,

గుణుపురం నుంచి నువ్వు పంపిన ఆరోగ్య కరపత్రం అనువాదం చదివాను. ఇంగ్లీషులో రెడ్యూస్ అని కనపడిన ప్రతిచోటా నువ్వు ‘తగ్గించు’ అని పెట్టుకుంటూ పోయావు. చాలా చోట్ల సరిపోయింది. కొన్నిచోట్ల మాత్రం అర్థం తలకిందులైంది. ఆ చోట్ల గురించే ఈ ఉత్తరం.

అన్నిటికన్నా ప్రమాదమైనది ముందు చెబుతాను. ‘దోమతెర వాడితే మలేరియా తగ్గుతుంది’ అని రాశావు. మూలంలో ఉన్నది మలేరియా సోకే ముప్పు తగ్గుతుందని. మన తెలుగులో జబ్బు తగ్గడమంటే నయం కావడం. ‘జ్వరం తగ్గిందా?’ అని అడిగితే ‘తగ్గిపోయిందండీ’ అన్న మనిషి మంచం దిగినట్టే లెక్క. నీ వాక్యం చదివినవాళ్ళు, మలేరియా వచ్చాక తెర కట్టుకుని పడుకుంటే నయమవుతుందనుకుంటారు. రాయగడ కొండ ఊళ్ళలో ఆ పొరపాటు ఎంత దూరం పోతుందో నీకు చెప్పక్కర్లేదు. ‘దోమతెర కట్టుకుని పడుకుంటే మలేరియా వచ్చే అవకాశం తక్కువ’ అని రాయి.

షుగరు మాత్ర సంగతీ ఇంతే. ‘ఈ మాత్రతో షుగరు తగ్గుతుంది’ అని చదివి, తగ్గింది కదా అని మాత్ర మానేసేవాళ్ళుంటారు. అక్కడ ‘అదుపులో ఉంటుంది’ అనాలి. నొప్పికైతే ‘నెమ్మదిస్తుంది’, వాపుకైతే ‘తీస్తుంది’. పూర్తిగా పోతుందా, కొంత మిగులుతుందా అన్నది రెడ్యూస్ అనే మాటలో స్పష్టంగానే ఉంది: కొంత మిగులుతుంది. మన ‘తగ్గు’ జబ్బుల దగ్గర ఆ మిగులును మింగేస్తుంది. అందుకే ఆరోగ్యం విషయం రాసేటప్పుడు ఈ క్రియను రెండుసార్లు తూచి వాడాలి.

ఇక ఉప్పు. పెద్దవాళ్ళు రోజుకి 5 గ్రాముల లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, అంటే సుమారు ఒక టీ చెంచాడు. నువ్వు ‘ఉప్పు రోజుకి 5 గ్రాములు తగ్గించాలి’ అని రాశావు. 10 గ్రాములు తినేవాడికి లెక్క ఎలాగో కుదురుతుంది. 14 గ్రాములు తినేవాడు 9 దగ్గర ఆగి, చెప్పినట్టే చేశాననుకుంటాడు. ఇంగ్లీషులో రెడ్యూస్ పక్కన ‘టు’ ఉంటే చేరవలసిన చోటు, ‘బై’ ఉంటే కోత పరిమాణం. తెలుగులో ఆ పనంతా ఒక్క ‘కి’ లేదా ‘కు’ చేస్తుంది: ‘5 గ్రాములకు తగ్గించాలి’ వేరు, ‘5 గ్రాములు తగ్గించాలి’ వేరు. ఆ విభక్తి జారితే లెక్కే మారిపోతుంది. అనుమానం ఉన్నచోట ‘నుంచి’ కూడా చేర్చు: ‘100 రూపాయల నుంచి 60కి తగ్గింది.’ అప్పుడు ఎవరూ పొరబడరు.

శాతాల దగ్గర మరో గొయ్యి ఉంది. 20 శాతం ఉన్నది 15 శాతమైతే తగ్గింది 5 శాతం కాదు. మొదట ఉన్నదానిలో నాలుగో వంతు, అంటే 25 శాతం తగ్గింది. ‘20 శాతం నుంచి 15 శాతానికి’ అని రెండు అంకెలూ ఇచ్చెయ్యి. అలాగే ‘మూడు రెట్లు తగ్గింది’ అని ఎప్పుడూ రాయకు. రెట్లు పెరగడానికి. 90 కాస్తా 30 అయితే ‘మూడో వంతుకు పడిపోయింది’.

‘తగ్గించబడింది’ అన్నది నీ రాతలో తొమ్మిదిచోట్ల ఉంది, అన్నీ కొట్టేశాను. ఇంగ్లీషులో డిక్రీజ్ దానంతట అది జరిగే తగ్గుదలకీ, ఒకరు చేసే తగ్గింపుకీ పనికొస్తుంది. రెడ్యూస్ వెనక ఎక్కువగా చేసేవాళ్ళుంటారు. మనకి ఆ తేడా క్రియలోనే ఉంది: తగ్గు, తగ్గించు. చేసినవాళ్ళెవరో తెలిస్తే ‘ధర తగ్గించారు’, తెలియకపోతే ‘ధర తగ్గింది’. ఈ రెండూ ఉండగా ‘బడు’ ఎందుకు?

ఇప్పుడు మాట పుట్టుక. లాటిన్‌లో రె అంటే వెనక్కి, డూకెరె అంటే నడిపించడం. కలిపితే ‘వెనక్కి తీసుకురావడం’. తగ్గించడమన్న అర్థం తరవాత వచ్చి చేరింది. ఇది గుర్తుంటే, తగ్గింపుతో పొసగదనిపించే వాడుకలన్నీ దారికొస్తాయి. భుజం కీలు తొలిగితే డాక్టరు రెడ్యూస్ చేస్తాడంటే కీలును మళ్ళీ దాని చోట కూర్చోబెడతాడు. ‘ఎముకను తగ్గించారు’ అని రాస్తే చదివినవాళ్ళు హడలిపోతారు. ‘కీలు సరిచేశారు’ చాలు. రెడ్యూసిబుల్ హెర్నియా అంటే పొడుచుకొచ్చిన భాగం లోపలికి నెడితే వెళ్ళేది. 12/16ను 3/4గా రాయడమూ రెడ్యూస్ చేయడమే, కానీ విలువ పిసరంత కూడా తగ్గదు. లెక్కల పుస్తకం దాన్ని కనిష్ఠ రూపం అంటుంది, అదే వాడు.

రసాయన శాస్త్రంలో ఇది క్షయకరణం. రాయగడ జిల్లా తెరుబలిలో ఫెర్రో అల్లాయ్, అంటే ఇనుప మిశ్రలోహం, చేసే కొలుముల్లో జరిగే పని చూస్తే మాట పుట్టుక కళ్ళకు కడుతుంది. క్రోమ్ ఖనిజంలో లోహాన్ని ఆక్సిజన్ పట్టుకుని ఉంటుంది. కోక్ అనే బొగ్గులోని కార్బన్ పెను వేడిలో ఆ ఆక్సిజన్‌ని లాక్కుంటే లోహం తిరిగి లోహమవుతుంది. వెనక్కి తేవడమంటే అదే. క్షయకరణంలో లోహానికి ఎలక్ట్రాన్లు చేరుతుంటే దానికి క్షయమని పేరేమిటని పిల్లలు తికమకపడతారు. ఎలక్ట్రాన్లు చేరే కొద్దీ ఆక్సీకరణ సంఖ్య (పరమాణువు ఎన్ని ఎలక్ట్రాన్లు పోగొట్టుకుందో చెప్పే లెక్క) దిగుతుందని ఒక్క వాక్యం కలుపు. శాస్త్రంలో స్థిరపడిన పేరును మార్చకు.

చట్టం భాష ఇంకో తీరు. నోటితో చెప్పిన ఫిర్యాదును పోలీసు అధికారి రెడ్యూస్ టు రైటింగ్ చేయాలని క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్‌లో ఉంది, దానికి ముందున్న పాత చట్టం సీఆర్‌పీసీలో ఇది 154. అంటే రాతలో పెట్టడం. రాసి, చెప్పినవాళ్ళకి చదివి వినిపించాలి కూడా. అక్కడ తగ్గించడం వెతికితే ఫిర్యాదును కుదించమన్నట్టవుతుంది. రాజ్యాంగం 311వ అధికరణంలో ఉద్యోగిని ర్యాంకులో రెడ్యూస్ చేయడమంటే మాత్రం హోదా తగ్గించడమే.

ఇంకా కిందికి దిగిన స్థితి చెప్పే వాడుకలున్నాయి. వాటికి మాటకి మాట వెతకొద్దు. రెడ్యూస్డ్ టు యాషెస్ అంటే ఇల్లు బూడిదైంది. టు బెగ్గరీ అంటే మనిషికి అడుక్కుతినే గతి పట్టింది. టు టియర్స్ అంటే కంటతడి పెట్టించింది.

వంటింట్లో నీకు లోటే లేదు. పులుసు ఇగిరి దగ్గరపడుతుంది. కషాయం నాలుగో వంతు మిగిలేదాకా కాస్తాం. ‘నీటి పరిమాణం తగ్గేవరకు’ అని రాసే అవసరం ఏ వంటలోనూ రాదు.

బయట కూడా అంతే. వంశధార వరద తీస్తుంది, బావి అడుగంటుతుంది, వాన తెరిపిస్తుంది, సంతలో జనం పలచబడతారు, చూపు మందగిస్తుంది, కోపం చల్లారుతుంది, జీతంలో కోత పడుతుంది, వ్యాసాన్ని కుదిస్తాం. తగ్గేది ఏమిటో చూస్తే దాని క్రియ దానికి ఉంటుంది. ఒడియా పత్రికలు చదివే అలవాటు వల్ల నీకు ‘హ్రాస పాయిబా’ చెవిలో ఉండి, రెండుచోట్ల ‘హ్రాసం పొందింది’ అని వచ్చేసింది. ఒడియాలో అది మామూలు మాట, తెలుగులో నిఘంటువు దాటి రాదు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పాఠాలు చెప్పిన ఊళ్ళో నేనూ, ఆ పక్కనే నువ్వూ ఉండి, మనం నోట రాని మాట రాయడం నాకు బాధగా ఉంటుంది.

ఒక పని చెయ్యి. ఇంగ్లీషు వాక్యం పక్కన పెన్సిల్‌తో మూడు రాసుకో: ఏది, ఎంత లేదా ఎక్కడికి, ఎవరు చేశారు. తరవాత ఇంగ్లీషు మూసేసి తెలుగు రాయి. రాసింది పైకి చదువు. మలేరియా, ఉప్పు వాక్యాలు రెండూ ముందు దిద్ది పంపు, అచ్చుకు మొదట వెళ్ళేవి ఆ పేజీలే.

మీ అక్క