ముత్తాత పుస్తకంలో గంట తేడా

ఏ చోట ఏ కాలంలో గడియారం ఎలా నడిచిందో రాసిపెట్టే టైమ్ జోన్ల డేటాబేస్‌కీ, ఆ జోన్ల సరిహద్దుల మ్యాపులకీ పైసా ఆశించకుండా పనిచేసేవాళ్ళ వల్ల మనకేం ఒరిగింది, వాళ్ళకి కృతజ్ఞత ఎలా చెప్పాలి అని ఒకరు అడిగారు. మా ఇంట్లో జరిగింది చెబుతాను.

మాది గుంటూరు, బ్రాడీపేట. తాతయ్య 1943 సెప్టెంబరు మొదటి వారంలో పుట్టారు. వెయ్యి పున్నములు చూసినవాళ్ళకి చేసే సహస్ర చంద్ర దర్శన శాంతి చేయిద్దామని, పుట్టిన వేళ కోసం ముత్తాత రాసిన పాత పుస్తకం తీశాం. పట్టుకుంటే అంచులు రాలిపోతున్నాయి. అందులో "ఉదయం 9 గం. 20 ని., సూర్యోదయాది ఘడియలు 6" అని ఉంది. ఆరు ఘడియలంటే రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలు. అంటే ఆ రోజు పొద్దు పొడిచింది దాదాపు ఏడింటికి! సెప్టెంబరులో మన గుంటూరులో ఆరింటికల్లా ఎండ గుమ్మంలోకి వస్తుంది కదా. నేను ఆ గడియారం టైమ్‌ని జాతకం యాప్‌లో వేస్తే తులా లగ్నం (పుట్టిన వేళకి తూర్పున ఉదయించే రాశి), శాస్త్రిగారు ఘడియలతో లెక్కిస్తే కన్యా లగ్నం. ముత్తాతే పొరపాటు రాశారేమో అనుకున్నాం.

చిక్కు విప్పింది ఆ డేటాబేస్. అందులో మన దేశానికి వాడే ఏషియా కోల్‌కతా జోన్ కింద ఒక లైను ఉంది: 1942 సెప్టెంబరు 1 నుంచి 1945 అక్టోబరు 15 వరకు, యుద్ధం రోజుల్లో, మన గడియారాలు గంట ముందుకు నడిచాయి. గ్రీన్విచ్ కంటే ఐదున్నర కాదు, ఆరున్నర గంటలు ముందు. ఆ గంట తీసేస్తే సూర్యోదయం సరిగ్గా ఆరింటి దగ్గరికి వచ్చింది, లగ్నం కన్యే అయింది.

1980లలో ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ మొదలుపెట్టిన పని ఇది, ఇప్పుడు పాల్ ఎగర్ట్ చూసుకుంటున్నారు. వాళ్ళ వెనక పాత గెజిట్లు, పేపర్లు వెతికి తారీఖులు పంపినవాళ్ళు ఎందరో. జోన్ల గీతలు గీసేవాళ్ళు ఎవరైనా సరిచేయగల ఉచిత మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సరిహద్దుల్ని వాడుకుంటారు, అవీ మనలాంటివాళ్ళు గీసినవే.

అందుకే ఉత్త థాంక్స్ కాకుండా, ఏ లైను మీకు అక్కరకొచ్చిందో రాయండి. వీలైతే మీ వీధో, కాలవో ఆ మ్యాపులో సరిచేయండి. నేను మా వీధి పేరు చేర్చాను, డేటాబేస్ వాళ్ళకి ఒక ఉత్తరం రాశాను. సంగతి తెలిసి తాతయ్య కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ "అయితే మా నాన్న తప్పు రాయలేదురా" అన్నారు. ఆ మాట కూడా అందులో రాశాను.