కోతుల కోసం కొన్న ఎయిర్‌గన్: లైసెన్సు అక్కర్లేదు, మరి కేసు?

ప్రశ్న: మాది సిద్దిపేట జిల్లా. మొక్కజొన్న కంకి వేయగానే కోతులు చేనులో పడుతున్నాయి. లైసెన్సు అక్కర్లేదని షాపతను చెప్తే 0.177 ఎయిర్‌గన్ కొన్నాను. కోతుల మీద పేలిస్తే ఏమైనా ఇబ్బందా?

జవాబు: షాపతను చెప్పింది సగం నిజం. 2016 ఆయుధ నియమాల ప్రకారం గొట్టం లోపలి వ్యాసం 0.177 అంగుళం (4.5 మి.మీ.), మూతి దగ్గర పెల్లెట్ (చిన్న సీసపు గుండు) శక్తి 20 జౌల్స్ దాటకూడదు. రెండూ కుదిరితేనే లైసెన్సు మినహాయింపు. 0.22 గన్‌కు శక్తి తక్కువైనా లైసెన్సు కావాల్సిందే.

లెక్క మీరే వేసుకోవచ్చు. అర గ్రాము పెల్లెట్ సెకనుకు 283 మీటర్ల వేగంతో, అంటే 928 అడుగులతో వెళ్తే 20 జౌల్స్. ప్రకటనల్లో కనిపించే 'వెయ్యి అడుగులు' చాలాసార్లు తేలిక పెల్లెట్‌తో చూపించే వేగం. అదే వేగం అర గ్రాము పెల్లెట్‌కు వస్తే 23 జౌల్స్, మినహాయింపు పోయినట్టే. బిల్లు మీద మోడల్, జౌల్స్ రాయించుకుని దాచుకోండి. గట్టి స్ప్రింగు మాత్రం వేయించకండి. పరిమితి దాటితే ఆయుధ చట్టం సెక్షన్ 25(1బి) కింద 2 నుంచి 5 ఏళ్ల జైలు, జరిమానా.

అసలు చిక్కు గన్‌తో కాదు, కోతితో. నెత్తిన వెంట్రుకలు టోపీలా పరుచుకుని, పొడవాటి తోకతో తిరిగే రకం వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో (రక్షిత జంతువుల జాబితాలో) ఉంది. గాయపరచడమే కాదు, గురి తప్పినా ప్రయత్నం కింద వేటే. శిక్ష 3 నుంచి 7 ఏళ్లు, జరిమానా కనీసం 25 వేలు, గన్ జప్తు. పంట నష్టం కారణంగా చంపేందుకు అనుమతి రెండో షెడ్యూల్ జంతువులకే అడగవచ్చు, దీనికి కాదు. ఎర్రమూతి కోతి 2022 సవరణతో షెడ్యూళ్లలోంచి పోయింది గానీ, జంతుహింస నిరోధక చట్టం, బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 325 (5 ఏళ్ల దాకా) ఉండనే ఉన్నాయి. అయినా గుంపులో ఏది ఏ రకమో చెట్టు మీద చూసి చెప్పగలరా? కొండముచ్చును తెచ్చి కాపలా కట్టేసినా నేరమే.

మనిషి ఎత్తు దాటిన మొక్కజొన్న చేనులో అవతల గడ్డి కోసేవాళ్లు కనబడరు. పెల్లెట్ ఆకుకు ఆగదు. కంటికి తగిలి చూపు పోతే అది తీవ్రగాయం. నిర్లక్ష్యంగా పేల్చినందుకు బీఎన్ఎస్ సెక్షన్ 125 కింద 3 ఏళ్ల దాకా జైలు, పరిహారం దావా వేరే. స్ప్రింగు ఎక్కించాక చాలా మోడళ్లను పేల్చకుండా దించలేం. అలాగే మంచెకు ఆనించి అన్నానికి వెళ్తారు, పిల్లలు ముట్టుకునేది అప్పుడే.

గన్‌ను ఖాళీగా, పెల్లెట్లను వేరుగా బీరువాలో పెట్టి తాళం వేయండి. పంచాయతీకి, అటవీ రేంజ్ అధికారికి నష్టం ఫొటోలతో అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి. కోతులను పట్టించి నిర్మల్‌లోని పునరావాస కేంద్రానికి పంపమని అందులో కోరండి.