ఉద్యోగం వచ్చాకే మాస్టారికి ఫోనా?

సందేహం: శ్రీకాకుళం నుంచి డల్లాస్‌కి ఎమ్మెస్‌కి వచ్చి రెండు నెలలైంది. బ్యాంకు ఖాతా, పార్ట్‌టైమ్ పని గురించి చెప్పండి. క్లాసులో నోరు పెగలడం లేదు. నన్ను ఇంతదూరం నడిపించింది మా కాలేజీ లెక్చరరు గారే. ఉద్యోగం వచ్చాకే ఆయనకి ఫోన్ చేద్దామనుకుంటున్నాను.

జవాబు: తమ్ముడూ, బ్యాంకు, పని ఒక పూటలో తేలే సంగతులు. పాస్‌పోర్టు, ఐ-20 (వీసా కోసం మీ యూనివర్సిటీ ఇచ్చిన కాగితం), ఇంటి అడ్రసు పట్టుకుని బ్యాంకుకి వెళ్లు. క్యాంపస్‌లో పని చేస్తే, క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు దాటకూడదు. మిగతాది మీ యూనివర్సిటీ ఆఫీసులో అడుగు. నేను ఆగిపోయింది నీ చివరి వాక్యం దగ్గర. 2003 ఆగస్టులో షికాగోలో దిగినప్పుడు నేనూ సరిగ్గా అలాగే అనుకున్నాను.

నాది విజయనగరం. మహారాజా కాలేజీలో డిగ్రీ. 1879 నాటి కాలేజీ, గురజాడ చదువుకుని, పాఠాలు చెప్పిన చోటు. (ఆ మాట అనకుండా మా ఊరివాళ్లం ఉండలేం, ఏమనుకోకు.) తెలుగు మీడియం నుంచి వచ్చిన నాది ఫిజిక్సు క్లాసులో ఆఖరి బెంచీ. ఓరోజు మాస్టారు ప్రశ్న అడిగితే లేచి నిలబడ్డాను. జవాబు తెలుసు, ఇంగ్లీషు రాదు. ఆయన వచ్చి సగం అరిగిన సుద్దముక్క నా చేతిలో పెట్టి, నా చోట్లో తను కూర్చున్నారు. "ఏటిరా భయం? నోట్లో ఇంగ్లీషు లేకపోతే చేతిలో సుద్దముక్క ఉంది కదా. ఎయ్యి బొమ్మ" అన్నారు. కటకం గీశాను, కిరణాలు గీశాను. ఒక బాణం అటుది ఇటు వేస్తే "మళ్లీ చూసుకో" అన్నారే గానీ బెంచీ మీంచి లేవలేదు. బెల్లు కొట్టినా లేవలేదు.

అలాంటి మనిషి పంపితే వచ్చినవాణ్ణి ఇక్కడ చేసిన పని విను. తెలుగువాళ్లతో ఉంటే ఇంగ్లీషు రాదని ఎవరో అంటే నమ్మి, ఒంటరిగా ఒక బేస్‌మెంట్ గదిలో చేరాను. డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగున్నరకే చీకటి. శుక్రవారం క్లాసయ్యాక మళ్లీ సోమవారం బస్సు డ్రైవరుకి హలో చెప్పేటప్పుడే నోరు తెరిచేవాణ్ణి. గొంతు బొంగురుగా వచ్చేది. ఫోన్ కార్డు గీకి ఇంటికి చేస్తే అమ్మ బెంగ పడుతుందని లేని ఫ్రెండునొకణ్ణి పుట్టించాను. రాజాం కుర్రాడని చెప్పాను. సంక్రాంతికి అమ్మ వాడి పేరున అరిసెలు వేరే పొట్లం కట్టి పంపింది. రెండు పొట్లాలూ నేనే తిన్నాను. మీకు వీడియో కాల్ ఉంది, ఇలాంటి అబద్ధాలు సాగవు. ఒక రకంగా అదృష్టవంతులు.

ఆ ఫిబ్రవరిలో క్లాసులో ప్రొఫెసరు నన్నే చూపించి అడిగాడు. మళ్లీ అదే బిగుసుకుపోవడం. అప్పుడు సుద్దముక్క గుర్తొచ్చింది. మాట్లాడకుండా వెళ్లి మార్కరు తీసుకుని బోర్డు మీద గీశాను. వచ్చీరాని ఇంగ్లీషు ఆ గీతల వెనకాలే వచ్చింది. క్లాసయ్యాక ఇద్దరు వచ్చి కలిసి చదువుకుందామా అన్నారు. నెల తిరక్కుండా బేస్‌మెంట్ ఖాళీ చేసి నలుగురం ఒక ఇంట్లో చేరాం. అంట్లు ఎవరు తోమాలని రోజూ గొడవే. ఆ గొడవే నన్ను బతికించింది. ఇల్లు కొన్నాను, పిల్లలు కాలేజీకొచ్చారు, ఇప్పటికీ ఆఫీసు మీటింగులో మాట తడబడితే లేచి మార్కరు అందుకుంటాను.

మాస్టారికి మాత్రం ఉద్యోగం వచ్చాకే చేశాను, అంటే మూడేళ్లకి. జీతం ఎంతో చెబుదామని సిద్ధంగా కూర్చుంటే ఆయన అడగనే లేదు. "ఎవరితో ఉంటున్నావురా? వంటెవరు చేస్తన్నారు?" అన్నారు. గంటస్తంభం దగ్గర మా నాన్న కనబడినప్పుడల్లా నా గురించి అడిగేవారట. నాన్న నాకు చెప్పేవాడు కూడా. ఇంకా చూపించుకోవడానికేం లేదని నేనే దాటేసేవాణ్ణి.

ఈ శనివారం రాత్రి తొమ్మిదికి చెయ్యి. అక్కడ ఆదివారం పొద్దున ఏడున్నర అవుతుంది. నవంబరులో ఇక్కడి గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పాక అయితే ఎనిమిదిన్నర. అన్నట్టు, గదిలో ఎవరితో ఉంటున్నావో నువ్వు రాయలేదు. ముందు అది రాయి నాకు.