గుమాస్తాకు స్త్రీలింగం ఉందా?

సందేహం: మహిళా ఉద్యోగుల చరిత్రపై వ్యాసం రాస్తున్నాను. ఉపాధ్యాయురాలు అన్నట్టే గుమాస్తారాలు, న్యాయవాదురాలు అనవచ్చా? న్యాయవాదిని అంటే మేలా?

సమాధానం: మొదటి రెండూ కుదరవండి. ‘ఉపాధ్యాయ’ వంటి అకారాంత తత్సమానికి (సంస్కృతం నుంచి వచ్చిన మాటకు) ‘ఆలు’ చేరితే చివరి అకారం ఉకారమై, రుగాగమం వస్తుంది, అంటే మధ్యలో ‘ర్’ చేరుతుంది. అలా ఏర్పడినవే ఉపాధ్యాయురాలు, అధ్యక్షురాలు. గుమాస్తా పారసీ నుంచి వచ్చిన దీర్ఘాంత పదం, న్యాయవాది ఇకారాంతం. ఈ సూత్రం వాటికి పట్టదు.

న్యాయవాదిని సంస్కృతంలో నిర్దుష్టమే. చిక్కంతా తెలుగు వాక్యంలో. ‘న్యాయవాదిని పిలిచారు’ అంటే ఆమె పిలిచారా, ఆమెను పిలిచారా? ‘ని’ ద్వితీయా విభక్తి ప్రత్యయం కూడా కదా! వాడుకలో నిలిచిన ‘ఉద్యోగిని’కీ ఈ ఇబ్బంది ఉంది: ‘ఉద్యోగిని బదిలీ చేశారు’ అని రాసి చూడండి.

గుమాస్తా, ప్లీడరు, న్యాయవాది స్త్రీపురుషులిద్దరికీ చెల్లే మాటలు. ‘గుమాస్తా వచ్చింది’ అంటే స్త్రీ అని క్రియే చెబుతుంది. గౌరవంగా ‘వచ్చారు’ అన్నప్పుడే ఆ తేడా పోతుంది. వ్యాసంలో జాగ్రత్త పడాల్సింది అక్కడే.

ఉద్యోగపు మాటను పురుషుడికే కట్టేస్తే ఏమవుతుందో మీ విషయంలోనే ఉంది. 1916లో రెజీనా గుహ ప్లీడరుగా నమోదు చేయమని కోరారు. 1879 నాటి లీగల్ ప్రాక్టీషనర్స్ చట్టం పుంలింగ సర్వనామాలు వాడింది. సందర్భం అడ్డు రాకపోతే పుంలింగ పదాలు స్త్రీలకూ వర్తిస్తాయని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం స్పష్టంగానే చెప్పింది. అయినా కలకత్తా హైకోర్టు ఒప్పుకోలేదు. 1921లో పాట్నాలో సుధాంశుబాల హజ్రాకూ అదే జవాబు. స్త్రీ అయినంత మాత్రాన అనర్హురాలు కాదని 1923లో విడిగా చట్టం చేయాల్సివచ్చింది. ఇది చాలా అన్యాయమైన జాప్యం. మీ వ్యాసంలో దీన్ని తప్పక రాయండి.

కాబట్టి మొదటి ప్రస్తావనలో ‘మహిళా న్యాయవాది’, ‘మహిళా గుమాస్తా’ అనండి. ఆపై ‘ఆమె’ అంటూ సాగితే చాలు. ప్రతి వాక్యంలో ‘మహిళా’ తగిలించకండి. పేరే స్త్రీదని తెలుస్తుంటే మొదటిసారీ అక్కర్లేదు: ‘రెజీనా గుహ ప్లీడరు కావడానికి దరఖాస్తు పెట్టారు. ఆమె అభ్యర్థనను కోర్టు తోసిపుచ్చింది.’ డాక్టరమ్మ, టీచరమ్మ చక్కని పలుకుబడులే, సంభాషణల్లో వాడుకోండి.